ఇంటి పనిలో స్లాగు వాడవచ్చా? ముందు అది ఏ ఫర్నేసు స్లాగో తేల్చుకోండి

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇదండీ. ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో పైన ఒక అంతస్తుతో ఇల్లు కడుతున్నారు. ప్లింతు బీముల వరకు పని అయింది. ఒక సప్లయరు స్టీలు ప్లాంటు స్లాగు (ఇనుము, ఉక్కు కరిగించినప్పుడు మిగిలే రాయిలాంటి మలినం) తెచ్చి, క్రషర్ పిక్క (కంకర) కంటే బాగా తక్కువ ధరకు ఇస్తానన్నాడు, ఒక లారీ అప్పుడే దింపేశాడు కూడా. ప్లింతు లోపల ఫిల్లింగుకు, స్లాబులో పిక్కకు బదులుగా వాడుకోమన్నాడు. అదే సమయంలో సిమెంటు కొట్టులో స్లాగు సిమెంటు చూపించారు, తాపీమేస్త్రి మాత్రం 53 గ్రేడు ఓపీసీ (స్లాగు కలపని మామూలు సిమెంటు) తప్ప ముట్టనన్నాడు. కర్బనం తగ్గే మార్గమైతే నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే అని మీరు రాశారు. ఆ మాట చూసే ఇంత వివరంగా రాస్తున్నాను. విశాఖ నుంచి రాయగడ, కోరాపుట్ దాకా కాంక్రీటు క్వాలిటీ పనుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది.

ముందు జవాబు చెప్పేస్తాను. స్లాగు సిమెంటు నిర్భయంగా వాడండి. స్లాబు, బీములు, స్తంభాల కాంక్రీటులో స్టీలు స్లాగు పిక్క వెయ్యవద్దు. ప్లింతు లోపల ఫిల్లింగుకైతే అస్సలు వద్దు. మీ మేస్త్రి వద్దంటున్నది మీకు మేలు చేసేది, సప్లయరు పోస్తానంటున్నది ఇల్లు చెడగొట్టేది. రెండింటినీ స్లాగు అనే పిలుస్తున్నాం గానీ రెండూ వేరు పదార్థాలు.

ఉక్కు తయారీలో రెండు మెట్లున్నాయి. మొదటిది బ్లాస్ట్ ఫర్నేసు. ఖనిజం, కోకు, సున్నపురాయి, డోలమైటు వేసి కరిగిస్తే కింద ఇనుము, పైన తేలుతూ స్లాగు వస్తాయి. మన దేశపు ఖనిజంలో అల్యూమినా ఎక్కువ కాబట్టి టన్ను ఇనుముకు 300 నుంచి 400 కిలోల దాకా స్లాగు దిగుతుంది. సుమారు 1,500 డిగ్రీల దగ్గర ఉన్న ఆ ద్రవం మీద నీటిని జోరుగా కొట్టి చల్లారిస్తే ఇసుక రేణువుల్లాంటి గింజలు తయారవుతాయి. పంచదార పాకం నెమ్మదిగా చల్లారితే పటికబెల్లంలా పలుకులు కడుతుంది, ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా బిగుస్తుంది. స్లాగు కూడా అంతే. గాజులా బిగిసినదానికే సిమెంటు గుణం ఉంటుంది. దాన్ని మెత్తగా మర పట్టి, సిమెంటు నీటిలో కలిసినప్పుడు పుట్టే సున్నం తోడు ఇస్తే తనూ గట్టిపడుతుంది. ఈ గుణాన్ని 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ గుర్తించాడు. అంటే ఇది నిన్నగాక మొన్న వచ్చిన ప్రయోగం కాదు.

రెండో మెట్టు కన్వర్టరు. అక్కడ ఆ ఇనుములోకి ఆక్సిజన్ ఊది, సున్నం వేసి, భాస్వరం లాంటి మలినాలను లాగేస్తే ఉక్కు అవుతుంది. ఇక్కడ వచ్చేదే అసలైన స్టీలు స్లాగు, ప్లాంటుల్లో ఎల్‌డీ స్లాగు అంటారు. టన్ను ఉక్కుకు 100 నుంచి 200 కిలోలు వస్తుంది. దీన్ని గుంటల్లో పోసి నెమ్మదిగా చల్లారుస్తారు. అందుకే గాజు కాకుండా నల్లటి బండరాళ్లలా తయారవుతుంది. దానిలో ఇనుప ఆక్సైడు ఎక్కువ, లోహపు తునకలు కూడా చిక్కుకుపోయి ఉంటాయి. కరగకుండా మిగిలిపోయిన సున్నం, మెగ్నీషియా ఉంటాయి. ఇబ్బంది అంతా ఈ మిగులు దగ్గరే ఉంది.

మిగిలిన ఆ సున్నం మామూలు సున్నంలా నీళ్లు చల్లగానే విచ్చుకునేది కాదు. అంత వేడిలో మాడి గట్టిపడింది కాబట్టి నీటితో కలవడానికి నెలలు పడుతుంది. కలిసినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అవుతుంది. మెగ్నీషియా అయితే రెట్టింపు దాటిపోతుంది, ఇంకా నిదానం, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. స్లాబు పోసినప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది. 28 రోజుల క్యూబు పరీక్ష (కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసేది) కూడా బాగా వస్తుంది, ఎందుకంటే ఈ రాయి చాలా గట్టిది. తర్వాత ఎప్పుడో రెండో వర్షాకాలంలో పైపూత దగ్గర చిన్న చిన్న బొబ్బలు లేచి, మధ్యలో తెల్లటి పొడితో ఊడిపోతాయి. తుప్పు మరకలు కారతాయి. లోపల పగుళ్లు వస్తే కమ్మీకి తేమ దారి దొరుకుతుంది. అందుకే పిక్క, ఇసుకలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 383 తన 2016 సవరణలో స్లాగుకు చోటిస్తూనే గీత కూడా గీసింది. స్టీలు స్లాగు పిక్క కమ్మీ వేసిన కాంక్రీటులో సున్నా శాతం. కమ్మీ లేని కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం15 కంటే తక్కువ బలంతో, సిమెంటు తక్కువ వేసి చేసే లీను కాంక్రీటులో 100 శాతం. బ్లాస్ట్ ఫర్నేసు స్లాగు పిక్కకైతే కమ్మీ కాంక్రీటులో 25 శాతం, కమ్మీ లేనిదానిలో 50 శాతం వరకు ఒప్పుకుంది. ఇది ఎవరి అభిప్రాయమో కాదు, ప్రమాణంలోని పట్టిక. మీ సప్లయరుకు ఇదే చూపించండి.

ప్లింతు ఫిల్లింగు విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. చాలామంది "అది కాంక్రీటు కాదు కదా, మట్టి బదులు పోస్తున్నాం కదా" అనుకుంటారు. కానీ ప్రమాదం ఎక్కువ అక్కడే. నాలుగు వైపులా బీములు, గోడలు, పైన ఫ్లోరింగు, కింద నేల. ఉబ్బడానికి ఎటూ ఖాళీ లేదు. వంశధార ఒడ్డున నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది, అది కింద నుంచి పీలుస్తూనే ఉంటుంది. రెండు మూడు అడుగుల మందాన పోసిన స్లాగు ఒకటి రెండు శాతం ఉబ్బినా చాలు, ఫ్లోరింగు నడుమ వీపులా లేస్తుంది, టైల్సు డొల్ల శబ్దం చేస్తాయి, తలుపులు నేలకు రాసుకుంటాయి, ప్లింతు గోడ బయటికి నెట్టుకుంటుంది. కారణం ఎవరికీ తట్టదు. పునాది కుంగిందని ఇంజనీరును పిలుస్తారు, నిజానికి మధ్యలో నేల లేచి ఉంటుంది. ఇలా పాడైన ఫ్లోరింగును బాగు చేయాలంటే మొత్తం తవ్వి, ఆ స్లాగు తీసేసి, మళ్లీ నింపడమే దారి. గ్రావెల్, క్రషర్ డస్టు, ఇసుక, వీటిలో మీకు ఏది దొరికితే అది పొరలుగా పోసి తడిపి దిమ్మిస పట్టించండి.

కర్బనం మాటకు వస్తాను. మీరు అసలు అడిగింది అదే కదా.

కాంక్రీటులో కర్బన భారం దాదాపు అంతా సిమెంటు క్లింకరుదే, అంటే సున్నపురాయి, మట్టి కలిపి బట్టీలో కాల్చి తీసే గడ్డలదే. వాటిని మర పడితేనే సిమెంటు. సున్నపురాయిని కాల్చితే 100 కిలోల్లో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, మిగిలేది 56 కిలోల సున్నం. క్లింకరులో సుమారు 65 శాతం సున్నం ఉంటుంది కాబట్టి బట్టీకి బొగ్గు వెయ్యకముందే, కేవలం రాయి నుంచే, టన్ను క్లింకరుకు అర టన్ను వాయువు బయటికి వచ్చేస్తుంది. ఇంధనం కూడా కలిపితే 800 నుంచి 900 కిలోల దాకా పోతుంది. స్లాగులోని సున్నం అప్పటికే ఫర్నేసులో కాలిపోయింది, దాన్ని మర పట్టడానికి అయ్యే కరెంటే మిగిలిన ఖర్చు. ఇనుము చేసినప్పటి పొగ ఎవరి ఖాతాలో వెయ్యాలన్న వాదన ఉంది, అది నిజమే. కానీ ఆ స్లాగు గుట్టగా పడి ఉన్నా ఆ పొగ తగ్గదు. సిమెంటులో కలిపితే అంత క్లింకరు కాల్చే పని తప్పుతుంది.

మీ స్లాబుకే లెక్క కడదాం. 1,000 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అంటే ఇంచుమించు 11.8 ఘనపు మీటర్లు. ఇళ్ల స్లాబులకు వాడే ఎం20 కాంక్రీటు మామూలు పాళ్లలో 90 బస్తాల పైమాటే. ఓపీసీ బస్తా ఒక్కింటికి సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్. సగం స్లాగున్న సిమెంటైతే 22, 23 కిలోలు. ఒక్క స్లాబుకే ఒకటిన్నర టన్ను మిగులుతుంది. రెండు స్లాబులు, స్తంభాలు, బీములు, గోడల సిమెంటు అన్నీ కలిపితే ఇంకా ఎంత మిగులుతుందో మీరే ఊహించండి.

ఇప్పుడు పిక్క చూడండి. దగ్గర క్వారీ రాయిని పగలగొట్టడానికి టన్నుకు కొన్ని కిలోల కర్బనమే ఖర్చవుతుంది. 200 కి.మీ. దూరం నుంచి స్లాగు తెస్తే, 25 టన్నుల లారీ రానూ పోనూ 100 లీటర్ల డీజిలు తాగుతుంది. లీటరుకు 2.7 కిలోల చొప్పున 270 కిలోలు, అంటే టన్నుకు 11 కిలోలు. రాయి పగలగొట్టే ఖర్చు కంటే రవాణా ఖర్చే ఎక్కువైపోయింది. అదే 200 కి.మీ. మీద స్లాగు సిమెంటు తెస్తే, టన్నుకు 11 కిలోలు ఖర్చుపెట్టి 300 కిలోలకు పైగా ఆదా చేస్తారు. కొండ తవ్వడం తగ్గుతుందన్నది స్లాగు పిక్కకు ఉన్న నిజమైన మేలు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కర్బనం పేరు చెప్పి లారీల కొద్దీ రాయి తేవడం లెక్కకు నిలవదు. తగ్గించాల్సింది క్లింకరును.

మీ మేస్త్రి అభ్యంతరాన్ని కొట్టిపారెయ్యకండి. స్లాగు సిమెంటు మొదటి వారంలో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, అది ఆయన చేత్తో చూసిన సంగతి. మూడో రోజుకు స్తంభం పెట్టెలు విప్పి, పదో రోజుకు సెంట్రింగు పీకి ఇంకో సైటుకు పట్టుకెళ్లే అలవాటున్న వాళ్లకు అది నచ్చదు. కానీ 28 రోజులకు ఓపీసీకి దాదాపు సమానంగా వస్తుంది, ఆ తర్వాత దాన్ని దాటవచ్చు, రంధ్రాలు తక్కువగా ఉంటాయి, నీరు లోపలికి అంతగా ఇంకదు. వేసవిలో గుణుపురం ఎండకు పోసిన స్లాబులో వేడి తక్కువ పుట్టడం కూడా లాభమే. పలాస, సోంపేట, గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లకైతే నేను ఇంకో సిమెంటు చెప్పను, ఉప్పు నుంచి కమ్మీని కాపాడడంలో స్లాగు సిమెంటు అంత బాగుంటుంది.

దానికి బదులుగా రెండు విషయాల్లో మీరు పట్టుదలగా ఉండాలి. ఒకటి, తడపడం. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ఓపీసీకి కనీసం 7 రోజులు, స్లాగు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసినవాటికి కనీసం 10 రోజులు అంటుంది. నేను 14 రోజులు చెబుతాను, అదీ మడులు కట్టి నీళ్లు నిలబెట్టి, స్తంభాలకు గోనెలు చుట్టి. పొద్దున్నా సాయంత్రం పైపుతో చిలకరించడం క్యూరింగు కాదు. సరిగా తడపని స్లాగు కాంక్రీటులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ త్వరగా లోపలికి పోయి, కమ్మీ చుట్టూ ఉండే క్షారాన్ని తగ్గిస్తుంది, తుప్పు తొందరగా మొదలవుతుంది. నీళ్లు పట్టే మనిషి లేని ఇంటికి స్లాగు సిమెంటు సలహా నేను ఇవ్వను. సవర కూలీలు పనిలో ఉంటే వాళ్లలో ఒకరికి ప్రత్యేకంగా ఆ కూలి ఇచ్చి, ఆ పని ఒక్కటే అప్పగించండి. ఆ డబ్బు వృథా కాదు.

రెండోది సెంట్రింగు. నాలుగున్నర మీటర్ల లోపు గదుల స్లాబుకు 7 రోజులు, ఆపైన 14 రోజులు ఊతాలు ఉంచాలని అదే ప్రమాణం చెప్పింది మామూలు సిమెంటుకు. స్లాగు సిమెంటుకు 14, 21 అనుకోండి. సెంట్రింగు అద్దె వారం రోజులు ఎక్కువవుతుంది, అది ముందే మాట్లాడుకోండి. కోరాపుట్, సిమిలిగుడ వైపు చుట్టాలెవరైనా కడుతుంటే, పుష్యమాసపు చలిలో ఇంకా ఆలస్యమవుతుందని చెప్పండి.

ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత కంగారు పడతారు. పెట్టెలు విప్పినప్పుడు కాంక్రీటు కొన్నిచోట్ల నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో కనబడవచ్చు. స్లాగులో కొద్దిగా ఉండే సల్ఫైడు వల్ల అది వస్తుంది, గాలి తగిలితే కొన్నాళ్లకు పోతుంది. కల్తీ సిమెంటు కాదు.

కొనేటప్పుడు బస్తా మీద ఐఎస్ 455 ఉందో లేదో చూడండి. పోర్ట్‌లాండ్ స్లాగు సిమెంటు ప్రమాణం అదే, దానిలో స్లాగు 25 నుంచి 70 శాతం వరకు ఉండవచ్చు. టెస్టు సర్టిఫికెట్ అడిగి ఎంత శాతం ఉందో కనుక్కోండి. 50 దగ్గర ఉంటే ఇంటికి బాగా సరిపోతుంది. ఐఎస్ 16415 అని ఉంటే కాంపోజిట్ సిమెంటు, దానిలో స్లాగు, ఫ్లైయాష్ రెండూ ఉంటాయి, అదీ మంచిదే. విడిగా స్లాగు పొడి కొని సైటులో ఓపీసీతో కలపాలని మాత్రం చూడకండి. ఐఎస్ 16714 ప్రకారం తయారైన పొడి రెడీమిక్స్ ప్లాంటులో తూకం వేసి కలపడానికి. తట్టలతో కొలిచే చోట ఒక బొచ్చెలో ఎక్కువ, ఒక బొచ్చెలో తక్కువ పడుతుంది.

ఇసుక గురించి మీరు అడగలేదు గానీ వంశధార, నాగావళి ఇసుక ఖరీదైపోయింది కాబట్టి ఎవరో ఒకరు స్లాగు ఇసుక అంటారు. బ్లాస్ట్ ఫర్నేసు గింజలనే గుండ్రంగా చేసి, జల్లించి అమ్మేది మంచి సరుకు. పైన చెప్పిన 25 శాతం హద్దు కమ్మీ కాంక్రీటులో దానికీ వర్తిస్తుంది. అలా చెయ్యని పచ్చి గింజలు తేలికగా, సూదుల్లా ఉంటాయి, నీళ్లు ఎక్కువ తాగుతాయి, మేస్త్రి చేతులు కోసుకుపోతాయి.

మీ దగ్గర దింపిన లారీ సరుకు ఏమిటో కొంతవరకు అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. ఒక తట్ట మామూలు పిక్క, ఒక తట్ట ఇది తూచండి. స్టీలు స్లాగు సాంద్రత 3.3 నుంచి 3.6, మన నల్లరాయిది 2.7 దగ్గర. తట్టకు నాలుగో వంతు బరువు తేడా తెలుస్తుంది. పాత స్పీకరు అయస్కాంతం గుట్టలో తిప్పితే తునకలు అంటుకుంటాయి. రెండూ జరిగితే అది ఎల్‌డీ స్లాగు లేదా ఎలక్ట్రిక్ ఫర్నేసు (కరెంటుతో ఉక్కు కరిగించే కొలిమి) స్లాగు అనుకుని మసలుకోండి. మన రాయగడ జిల్లాలో ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. తేరుబలిలో ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం కలిసిన లోహం) తయారవుతుంది, సప్లయర్లు ఏ ఫర్నేసు సరుకునైనా స్టీలు స్లాగు అనే అంటారు. ఫెర్రోక్రోమ్ స్లాగులో సున్నం తక్కువ కాబట్టి ఉబ్బే భయం తక్కువ, రాయి గట్టిది. కానీ క్రోమియం ఉంటుంది, అది హెక్సావలెంట్ క్రోమియం అనే రూపానికి మారి నీటిలోకి దిగితే విషం. లీచింగు పరీక్ష (నీటిలోకి విషం దిగుతుందా అని చూసేది) కాగితం చూడకుండా దాన్ని బావి ఉన్న పెరట్లోకి రానివ్వవద్దు.

స్టీలు స్లాగు పనికిమాలినదని నేను అనడం లేదు. దాని చోటు రోడ్డు. గట్టిదనం, గరుకుదనం రెండూ రోడ్డుకు కావలసినవే. 2022లో సూరత్ దగ్గర హజీరాలో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సాయంతో కిలోమీటరు పైచిలుకు ఆరు వరసల రోడ్డును సుమారు లక్ష టన్నుల స్టీలు స్లాగుతో వేశారు, బరువైన లారీలు దాని మీదే తిరుగుతున్నాయి. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీలు స్లాగును ఆవిరి పట్టి, లోపలి సున్నాన్ని ముందే విచ్చుకునేలా చేసి 2018 నుంచి అగ్రెటో పేరుతో అమ్ముతోంది. ఆవిరి పట్టినది, లేదా నెలల తరబడి తడిపి ఆరబెట్టి, ఉబ్బు పరీక్ష చేసినది అయితే రోడ్డు కింది పొరలకు నేనే సిఫార్సు చేస్తాను. మన ఏజెన్సీ బ్లాకుల్లో కొత్త రోడ్లకు కొండలు తొలిచే బదులు ఇలాంటిది రైలు మీద తెచ్చి వాడితే బాగుంటుందని నా గట్టి కోరిక. విజయనగరం, పార్వతీపురం, రాయగడ లైను ఎటూ ఉంది, రైలు మీదైతే పై లెక్కలో డీజిలు భారం కూడా బాగా తగ్గుతుంది.

ముందు ముందు ఈ లెక్కలు మారతాయి. బ్లాస్ట్ ఫర్నేసు స్లాగు అపరిమితంగా లేదు, ప్రపంచంలో మంచి సరుకు చాలావరకు ఇప్పటికే సిమెంటులోకి పోతోంది. ఉక్కు పరిశ్రమ ఎలక్ట్రిక్ ఫర్నేసుల వైపు వెళ్లేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. అందుకే కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి క్లింకరును సగానికి దించే ఎల్‌సీ3 సిమెంటుకు 2023లో ఐఎస్ 18189 వచ్చింది. కేంబ్రిడ్జి పరిశోధకులు పాత కాంక్రీటులోంచి తీసిన సిమెంటు ముద్దనే ఎలక్ట్రిక్ ఫర్నేసులో సున్నానికి బదులు వేసి, పైన తేలిన స్లాగును క్లింకరులా మార్చిన పని 2024లో ప్రచురించారు. మీ పిల్లలు కట్టే ఇంటికి ఇవి పనికొస్తాయి. మీ ఇంటికి ఈ రోజు కొట్టులో దొరికే స్లాగు సిమెంటే సరైనది.

దింపేసిన లారీ సరుకును వెనక్కి తీసుకెళ్లమని అడగండి. ససేమిరా అంటే గోడకు, బావికి, గెడ్డకు దూరంగా గుట్ట పొయ్యండి. దాని మీద నుంచి కారే నీరు సున్నపు తేటంత ఘాటుగా ఉంటుంది, చేపలకు, మొక్కలకు మంచిది కాదు. ఈ వర్షాకాలం, వచ్చే వర్షాకాలం తడవనిచ్చి, మధ్యలో ఒకసారి తిరగేసి, తర్వాత వీధి నుంచి గేటు దాకా బండి దారికి పరిచి రోలరు తిప్పించండి. అక్కడ కాస్త ఉబ్బినా పగిలేదేమీ ఉండదు.